క్లాసు మెంబర్లకి బారసాల

పిల్లలు పుడితే మన ఇళ్ళల్లో పేరు కోసం జరిగే హడావుడి మీకు తెలియంది కాదు. నక్షత్రం చూసి ఏ అక్షరంతో మొదలవ్వాలో పంతులుగారు ఇండియా నుంచి ఫోన్లో చెప్తారు. నాయనమ్మ ఒక పేరంటుంది, అమ్మమ్మ ఇంకో పేరంటుంది. ఇక్కడి టీచర్లకి నోరు తిరగాలి కదా అని తల్లీ తండ్రీ వేరే లెక్కలు వేసుకుంటారు. మా అమ్మాయి పేరు గురించి ఐదు నెలల ముందు మొదలెట్టిన చర్చ, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే రోజు పొద్దున ఫారం చేతికిచ్చి నర్సు ఎదురుగా నిలబడితే గానీ తేలలేదు.

అదే నేను, ఆఫీసులో ఒక క్లాసు రాస్తూ అందులో మెంబరుకి పేరు పెట్టడానికి ఎంతసేపు ఆలోచించేవాడినో తెలుసా? రెండు సెకన్లు. అదీ చేతిలో కాఫీ కప్పు ఉంటే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. క్లాసు మెంబర్లకి స్పష్టమైన పేర్లు, ఒకదానితో ఒకటి కలిసిపోని పేర్లు పెట్టడం అనేది కోడ్ అందంగా కనిపించడానికి చేసే అలంకారం కాదు, అది మన పనిలో అసలు భాగం అని నా అభిప్రాయం. "ఇది మా ఫస్ట్ సెమిస్టర్లోనే చెప్పారు లెండి" అని పేజీ మార్చెయ్యబోయే వాళ్ళకి ఒక మనవి. నాకూ చెప్పారు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేశాను, ఆ పాఠంలో మంచి మార్కులే వచ్చాయి. అయినా కింద చెప్పబోయే పని చేశాను.

అమౌంటు, ఇంకో అమౌంటు

2016లో నేను న్యూజెర్సీలో ఒక ఆరోగ్య బీమా కంపెనీకి కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. అక్కడ క్లెయిమ్ అనే క్లాసు ఒకటుండేది. అందులో అప్పటికే 'అమౌంట్' అనే మెంబరు ఉంది. డాక్టరు పంపిన బిల్లులో ఎంత రాస్తే అంత అందులో ఉంటుంది. ఇక్కడ ఉంటున్న మీకు తెలుసు, ఈ దేశంలో డాక్టరు వేసే బిల్లు వేరు, బీమా కంపెనీ ఒప్పుకునే మొత్తం వేరు. నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టరయితే ఆ తేడాని పేషంటు దగ్గర వసూలు చెయ్యకూడదు. ఈ ఒప్పుకున్న మొత్తాన్ని కూడా క్లాసులో ఉంచాల్సిన అవసరం ఒక రిలీజు ముందు రోజు సాయంత్రం వచ్చింది. 'అమౌంట్' అనే పేరు ఖాళీ లేదు. నేను అదే మాటని కుదించి ఏ, ఎం, టీ అని మూడక్షరాలతో ఇంకో మెంబరు పెట్టేశాను. ఏది దేనికో నాకు తెలుసు కదా, తర్వాత ఎప్పుడైనా మారుద్దాం అనుకున్నాను. ఆ 'ఎప్పుడైనా' మూడేళ్ళు రాలేదు.

2019లో మా టీములోకి గుంటూరు వైపు కుర్రాడు ఒకతను వచ్చాడు. పేరు చెప్పను. మాస్టర్స్ అయి, హెచ్1బీ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బుద్ధిమంతుడు. నన్ను అన్నా అని పిలిచేవాడు. పేషంట్లకి వెళ్ళే ఉత్తరం తయారుచేసే మాడ్యూలు తిరగరాసే పని అతనికి ఇచ్చారు. ఎంత బిల్లు అయింది, బీమా ఎంత కట్టింది, మీరు ఎంత కట్టాలి అని చెప్పే ఉత్తరం అది. ఒప్పుకున్న మొత్తంలోంచి బీమా కట్టింది తీసేస్తే పేషంటు వాటా వస్తుంది. అతను క్లాసు తెరిచి చూశాడు, 'అమౌంట్' అని పూర్తి పేరుతో ఒకటి కనిపించింది, దాన్ని వాడాడు. మీరైనా అదే వాడతారు.

కంపైలరు ఏమీ అనలేదు. రెండూ ఒకే టైపు, దానికి రెండూ ఒకటే. టెస్టులు పచ్చగా వెలిగాయి. ఎందుకంటే ఆ టెస్టు డేటాలో ఎవరో మహానుభావుడు బిల్లు 100, ఒప్పుకున్నది 100 అని పెట్టి ఉంచాడు. ఆ మహానుభావుడు కూడా నేనే అయ్యుండొచ్చు. ఇక కోడ్ రివ్యూ చేసింది ఖాయంగా నేనే. ఆ లైను నా కళ్ళ ముందు నుంచి వెళ్ళింది. అందులో 'అమౌంట్' అని ఉంది, నా మనసు దాన్ని నాకు కావలసిన అమౌంటుగానే చదువుకుంది. సరే అని నొక్కాను.

మూడు రాత్రులు ఉత్తరాలు అచ్చయి వెళ్ళాయి. ఒక్క ఉదాహరణ చెప్తాను. డాక్టరు బిల్లు 3,200 డాలర్లు. కంపెనీ ఒప్పుకున్నది 800. అందులో 80 శాతం, అంటే 640 బీమా కట్టింది. పేషంటు కట్టాల్సింది 160. మా ఉత్తరంలో 3,200లోంచి 640 తీసేసి 2,560 డాలర్లు అని వెళ్ళింది. ఒక పెద్దావిడ ఆ ఉత్తరం చూసి, ఇంత కట్టలేనని తర్వాతి అపాయింట్‌మెంటు రద్దు చేసుకుందని కాల్ సెంటర్ వాళ్ళు చెప్తేగానీ విషయం బయటపడలేదు.

గురువారం మీటింగు పెట్టారు. మేనేజరు అడిగింది ఒక్కటే ప్రశ్న: ఆ లైను ఎవరు రాశారు? వెర్షన్ కంట్రోల్లో చూశారు, కుర్రాడి పేరుంది. అక్కడితో ఆగిపోయారు. ఇంకొక్క ఫైలు తెరిచి, ఆ మూడక్షరాల డిక్లరేషన్ ఎవరిదని చూసి ఉంటే నా పేరు కనిపించేది. ఎవరూ తెరవలేదు. తెరవండి అని నేనూ అనలేదు.

సోమవారం పొద్దున మేనేజరు దగ్గరకి వెళ్ళి చెప్పాను, పేరు పెట్టింది నేను, రివ్యూ చేసింది నేను అని. ఆయన విన్నాడు, నిజాయితీకి థాంక్స్ అన్నాడు. కానీ శుక్రవారం సాయంత్రమే కుర్రాడి కన్సల్టెన్సీకి కబురు వెళ్ళిపోయింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఆ తర్వాత ఏమవుతుందో మీలో చాలామందికి వివరించక్కరలేదు. ప్రాజెక్టు పోయాక కన్సల్టెన్సీ కూడా ఉద్యోగం లేదంటే, 2017 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ లోపు ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదా పెట్టె సర్దుకోవాలి.

ఒక మెంబరు పేరులో నేను మూడక్షరాలు ఆదా చేశాను. దాని బిల్లు వేరేవాళ్ళకి వెళ్ళింది.

మన భాష ఈ పని ఎప్పుడో చేసింది

ఆ తర్వాత ఈ పేర్ల సంగతి గురించి చాలా ఆలోచించాను. ఆలోచిస్తే తట్టిందేమిటంటే, ఈ విద్య మనకి కొత్తగా నేర్పక్కరలేదు. ఇంగ్లీషులో నాన్న తమ్ముడూ అంకులే, అమ్మ తమ్ముడూ అంకులే. మనకి ఒకరు బాబాయి, ఒకరు మామయ్య. వాళ్ళకి పెదనాన్న కొడుకూ కజినే, మేనమామ కొడుకూ కజినే. మనకి ఒకరు అన్నయ్య, ఒకరు బావ. ఎందుకీ తేడా? మనవాళ్ళల్లో మేనరికాలు ఉండేవి కాబట్టి. బావని పెళ్ళి చేసుకోవచ్చు, అన్నయ్య అయితే ఆ ఆలోచనే రాకూడదు. ఎక్కడ పొరబాటు జరిగితే కొంప మునుగుతుందో అక్కడ మన భాష రెండు వేరు వేరు పేర్లు పెట్టింది. రెండు పేర్లూ ఎక్కడా పోలిక లేకుండా పెట్టింది కూడా. బావ, బావ్ అని పెట్టలేదు.

అలాగని అన్నిటికీ విడివిడిగా పేర్లు లేవు. నాన్న వాళ్ళ నాన్నా తాతయ్యే, అమ్మ వాళ్ళ నాన్నా తాతయ్యే. ఇద్దరి గురించీ ఒకేసారి మాట్లాడాల్సి వచ్చినప్పుడు తెనాలి తాతయ్య, ఏలూరు తాతయ్య అంటాం. మా టీములో ఒకప్పుడు ముగ్గురు శ్రీనివాసులుండేవాళ్ళు. డేటాబేస్ శీను, డాట్‌నెట్ శీను, టెస్టింగ్ శీను. శీను1, శీను2, శీను3 అని ఈమెయిల్ ఐడీల్లో తప్ప ఎవరూ పిలవలేదు. అలా పిలిస్తే ఎవరు ఏ పని చేస్తారో మళ్ళీ ఒకర్ని అడగాలి.

మరి ఇంట్లో ఇంత తెలివిగా ఉండే మనం కోడ్‌లోకి వచ్చేసరికి డేట్1, డేట్2, టెంప్, ఫ్లాగ్, డేటా అని ఎందుకు పెడతాం? నాకు తోచిన కారణం, మనం నేర్చుకున్న తీరు. లాబ్ రికార్డులో రాసిన ప్రోగ్రాములన్నీ ఒక పేజీకి మించవు. రెండంకెలు కూడాలి, ఏ, బీ చాలు. అమీర్‌పేటలో నలభై అయిదు రోజుల్లో కోర్సు చెప్పే సారు బోర్డు మీద జాగా చూసుకుని రాస్తారు. ఆ ప్రోగ్రాము సాయంత్రానికి చెరిగిపోతుంది కాబట్టి పేరుతో పన్లేదు. కానీ క్లాసు మెంబరు సంగతి అలా కాదు. మూడు లైన్ల లూపులో ఉండే ఐ అనే వేరియబుల్ కళ్ళ ముందే పుట్టి కళ్ళ ముందే పోతుంది. దాన్ని ఐ అనే పిలవండి, నాకేమీ అభ్యంతరం లేదు. మెంబరు మాత్రం మనం ఆ ప్రాజెక్టు వదిలేసిపోయాక కూడా అక్కడే ఉంటుంది. మన మొహం ఎప్పుడూ చూడని వాళ్ళు దాన్ని వాడతారు.

ఇంటిపేరు ముందు పెట్టే పద్ధతి

ఈ సమస్యకి పాతకాలం నుంచీ రకరకాల మందులున్నాయి. అందులో బాగా పేరుపడ్డది హంగేరియన్ నొటేషన్. చార్లెస్ సిమోనీ అనే ఆయన జిరాక్స్ పార్క్‌లో ఉన్నప్పుడు మొదలుపెట్టి, 1981లో మైక్రోసాఫ్ట్‌కి వచ్చాక అక్కడ వ్యాప్తి చేసిన పద్ధతి ఇది. వేరియబుల్ పేరుకి ముందు అది ఏ రకమో చెప్పే రెండు మూడు అక్షరాలు తగిలిస్తారు. ఆయన హంగేరీలో పుట్టినవాడు. అక్కడ కూడా మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఆ పేరు రావడానికి అదీ ఒక కారణమని చెప్తారు.

సిమోనీ ఉద్దేశం ప్రకారం ఆ ముందక్షరాలు ఆ విలువ అర్థమేమిటో చెప్పాలి. ఇది వరస సంఖ్యా, నిలువు సంఖ్యా. ఇది స్క్రీను మీది కొలతా, కాగితం మీది కొలతా అని. కానీ వాడుకలో అది కంపైలర్‌కి ఎలాగూ తెలిసిన టైపుని మళ్ళీ రాయడంగా మారిపోయింది. 2005లో జోయెల్ స్పోల్‌స్కీ తన వ్యాసంలో ఈ తేడా గురించి బాగా వివరించాడు. టైపుని పేరులో రాస్తే ఏమవుతుందో విండోస్ ప్రోగ్రామర్లకి తెలుసు. 16 బిట్ల కాలంలో 'వర్డ్' అనే అర్థంతో డబ్ల్యూ తగిలించిన డబ్ల్యూపరామ్ అనే పారామీటరు 32 బిట్ల విండోస్‌లో 32 బిట్లయింది, 64 బిట్లలో 64 అయింది. డబ్ల్యూ మాత్రం అలాగే ఉంది. పూర్వీకులు ఊరు వదిలి నాలుగు తరాలైనా మన ఇంటిపేరులో ఆ ఊరు ఉండిపోయినట్టు.

మెంబర్ల విషయంలో ఇంకో చిక్కుంది. కన్‌స్ట్రక్టర్‌కి వచ్చే పారామీటరూ, క్లాసులోని మెంబరూ సాధారణంగా ఒకే విషయాన్ని చెప్తాయి కాబట్టి రెండింటికీ ఒకే పేరు పెట్టాలనిపిస్తుంది. జావాలో కన్‌స్ట్రక్టర్ లోపల నేమ్ ఈక్వల్స్ నేమ్ అని రాస్తే, పారామీటరు తన విలువ తనకే ఇచ్చుకుంటుంది. మెంబరు నల్‌గానే మిగిలిపోతుంది. జావా కంపైలర్ దాన్ని తప్పుగా ఎంచదు. దిస్ అని ముందు రాస్తే సరిపోతుంది, కానీ మరిచిపోయిన రోజు సంగతి? సీ షార్ప్‌లో ఇంకో వింత. ఫీల్డు పేరు చిన్నక్షరంతో, ప్రాపర్టీ పేరు అదే మాట పెద్దక్షరంతో రాయడం చాలామందికి అలవాటు. ప్రాపర్టీ లోపల పొరపాటున పెద్దక్షరం కొడితే అది తనని తానే పిలుచుకుంటూ పోయి స్టాక్ ఓవర్‌ఫ్లో అయ్యేదాకా ఆగదు. షిఫ్ట్ కీ మీద వేలు పడిందా లేదా అన్నదాని మీద ప్రోగ్రాము ప్రాణం ఆధారపడి ఉంటుంది!

అందుకే ఒక్కో సమాజం ఒక్కో ఆచారం పెట్టుకుంది. మైక్రోసాఫ్ట్ ఎంఎఫ్‌సీ వాళ్ళు మెంబరుకి ముందు ఎం, అండర్‌స్కోరు తగిలించారు. గూగుల్ సీ ప్లస్ ప్లస్ నియమావళి క్లాసు మెంబరుకి చివర అండర్‌స్కోరు పెట్టమంటుంది. సీ షార్ప్‌లో చాలామంది ముందు అండర్‌స్కోరు పెడతారు. పైథాన్ ఈ గొడవే లేకుండా మెంబరు ముందు సెల్ఫ్ అని ప్రతిసారీ రాయాల్సిందే అంది. వీటిలో ఏది గొప్పది అని అడిగితే, మీ టీము ఏది వాడుతుంటే అదే అంటాను. సీ ప్లస్ ప్లస్‌లో మాత్రం ఒక జాగ్రత్త. అండర్‌స్కోరు వెనకే పెద్దక్షరం వచ్చే పేర్లూ, ఎక్కడైనా రెండు అండర్‌స్కోర్లు పక్కపక్కన ఉండే పేర్లూ భాష తనకోసం అట్టిపెట్టుకుంది.

అయితే ఒక్క మాట. ఈ ఆచారాలన్నీ ఇది మెంబరా కాదా అని మాత్రమే చెప్తాయి, ఏ మెంబరో చెప్పవు. నా రెండు అమౌంట్లకీ ఎం, అండర్‌స్కోరు తగిలించి ఉంటే కుర్రాడి ఉద్యోగం మిగిలేదా? ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన అన్నదమ్ముల్ని గుర్తుపట్టలేం కదా.

పెద్దవాళ్ళూ పొరబడ్డారు

ఇది నాలాంటి కన్సల్టెంట్ల జబ్బు మాత్రమే కాదు. జావా మొదటి వెర్షన్ నుంచీ ఉన్న డేట్ క్లాసు చూడండి. గెట్‌డేట్ అని పిలిస్తే నెలలో ఎన్నో తేదీయో ఇస్తుంది. గెట్‌డే అని పిలిస్తే వారంలో ఎన్నో రోజో ఇస్తుంది. గెట్‌మంత్ జనవరిని సున్నా అంటుంది. గెట్‌ఇయర్ అసలు సంవత్సరం లోంచి 1900 తీసేసి ఇస్తుంది. ఈ మెథడ్లని 1997లో వచ్చిన జేడీకే 1.1లోనే వాడొద్దని ప్రకటించారు. 2014లో జావా 8తో కొత్త లైబ్రరీ వచ్చాక గెట్‌డేఆఫ్‌మంత్, గెట్‌డేఆఫ్‌వీక్ అని పేర్లు పెట్టారు. కాస్త పొడుగే. కానీ ఆ పేరు చూశాక మాన్యువల్ తెరవాల్సిన పని ఎవరికైనా ఉంటుందా?

సీ ప్లస్ ప్లస్ వెక్టర్‌లో ఎంప్టీ అనే మెంబరు ఉంది. ఇంగ్లీషులో ఆ మాటకి ఖాళీగా ఉంది అనీ అర్థమే, ఖాళీ చెయ్యి అనీ అర్థమే. అది ఖాళీగా ఉందా అని అడుగుతుంది అంతే. ఖాళీ చెయ్యాలంటే క్లియర్ అనాలి. ఖాళీ చేస్తుందనుకుని ఎంప్టీని పిలిచి, లోపల సరుకంతా అలాగే ఉండటం చూసి తలపట్టుకున్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి. 2020 ప్రమాణంలో, ఎంప్టీ ఇచ్చిన జవాబుని వాడకుండా వదిలేస్తే కంపైలరు హెచ్చరించేలా ఏర్పాటు చేశారు. అదే ఈజ్‌ఎంప్టీ అని పెట్టి ఉంటే ఆ హెచ్చరికతో పని ఉండేది కాదు. జావా థ్రెడ్ క్లాసులో ఇంటరప్టెడ్, ఈజ్‌ఇంటరప్టెడ్ అని రెండున్నాయి. మొదటిది అడగడంతో పాటు ఆ గుర్తుని చెరిపేస్తుంది కూడా, రెండోది అడిగి ఊరుకుంటుంది. పేర్లు చూస్తే ఆ సంగతి మీకు తడుతుందా?

ఇక ప్రమాణాల విషయంలో 1999 సెప్టెంబరు 23న నాసా పోగొట్టుకున్న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కథ అందరికీ తెలిసిందే. ఒక సాఫ్ట్‌వేర్ ఇంపల్స్ విలువని పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది, తీసుకున్నది న్యూటన్ సెకన్లనుకుంది. అంటే సుమారు 4.45 రెట్ల తేడా. పేరులో ప్రమాణం రాసి ఉంటే ఆ నౌక తప్పకుండా దక్కేదని నేననను, అక్కడ తప్పిన అడుగులు చాలా ఉన్నాయి. కానీ ఒక అంకె ఒక టీము చేతిలోంచి ఇంకో టీము చేతిలోకి వెళ్ళేటప్పుడు దానికి తోడుగా వెళ్ళేది చాలాసార్లు దాని పేరు ఒక్కటే. టైమౌట్ అని పెడితే అది సెకన్లా, మిల్లీసెకన్లా? టైమౌట్‌మిల్లీసెకండ్స్ అని పెడితే ఆ ప్రశ్నే పుట్టదు.

"టైమెక్కడుంది గురూ?"

ఇలా చెప్తే నాకు మామూలుగా వచ్చే జవాబులు కొన్నున్నాయి.

మొదటిది, పొడుగు పేర్లు టైపు చెయ్యడం కష్టం. ఈ కష్టం ఒకప్పుడు నిజం. పాత ఫోర్ట్రాన్‌లో పేరుకి ఆరక్షరాలే. 1989 సీ ప్రమాణం కూడా ఫైలు దాటి బయటికి కనిపించే పేర్లలో మొదటి ఆరక్షరాలకే హామీ ఇచ్చింది. ఆ రోజుల్లో అచ్చులు తీసేసి రాసినవాళ్ళని అనడానికి ఏమీ లేదు. ఇవాళ రెండక్షరాలు కొడితే మిగతాది ఎడిటరే నింపుతుంది. కారణం పోయి ముప్ఫై ఏళ్ళు దాటినా అలవాటు మాత్రం మనల్ని వదల్లేదు.

రెండోది, కామెంటు రాస్తే చాలదా? కామెంటు డిక్లరేషన్ దగ్గర ఉంటుంది. మెంబరు వాడేది వేరే ఫైల్లో, వెయ్యి లైన్ల అవతల. కామెంటు అక్కడిదాకా వెంట రాదు, పేరు వస్తుంది.

మూడోది ఈ మధ్య వింటున్నది. కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనాలు వచ్చాయి కదా, ఇంకా పేర్లతో పనేమిటి? ఆ సాధనం చదివేది కూడా మనం పెట్టిన పేర్లనే. రెండు అమౌంట్లు ఇస్తే అది కూడా ఏదో ఒకటి ఎంచుకుంటుంది, మా కుర్రాడికన్నా ధీమాగా ఎంచుకుంటుంది. నన్నడిగితే పేర్ల అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది.

నాలుగోది మాత్రం నిజమైన అభ్యంతరం. తర్వాత మారుద్దామంటే అన్ని పేర్లూ మారవు. క్లాసు లోపల ప్రైవేటుగా ఉన్న పేరుని ఐదు నిమిషాల్లో మార్చొచ్చు. బయటివాళ్ళు వాడటం మొదలెట్టిన పేరు, డేటాబేస్ కాలమ్ అయి కూర్చున్న పేరు అంత తేలిగ్గా కదలదు. హెచ్‌టీటీపీలో రిఫరర్ అనే మాట స్పెల్లింగులో ఒక ఆర్ తక్కువగా 1996 నాటి ప్రమాణ పత్రంలోకి ఎక్కింది. ఇప్పటికీ ప్రపంచంలోని బ్రౌజర్లన్నీ ఆ తప్పు స్పెల్లింగుతోనే పంపుతున్నాయి. జావాలో వాడొద్దన్న గెట్‌డే కూడా ఇంకా అక్కడే ఉంది. కానీ ఈ అభ్యంతరం నా వాదానికే బలమిస్తుంది. మార్చడం కష్టమైన చోట, పెట్టేటప్పుడే ఆలోచించాలి.

నేనిప్పుడు పాటిస్తున్నవి

పెద్ద జాబితా ఇవ్వను. నాలుగు మాటలు.

ఒకే క్లాసులో రెండు మెంబర్ల పేర్లు అంకెతోనో, పెద్దక్షరం చిన్నక్షరంతోనో, అచ్చులు తీసెయ్యడంతోనో మాత్రమే వేరుగా ఉండకూడదు. తేడా ఎక్కడుందో అదే పేరులో కనిపించాలి. బిల్లు మొత్తం అయితే బిల్డ్‌అమౌంట్, ఒప్పుకున్నది అయితే అలౌడ్‌అమౌంట్. రెండోది చేరిన రోజున మొదటిదానికి కూడా పేరు మార్చాలి. నా అసలు తప్పు అదే. ఇంట్లో రెండో శీను దిగిన రోజున మొదటి శీనుకి కూడా ఏదో ఒక గుర్తు తగిలిస్తాం కదా.

ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళు వాడే మాట ఉంటే అదే వాడాలి. క్లెయిములు చూసే వాళ్ళకి ఆ రెండు మొత్తాలకీ వేర్వేరు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. నేను వాళ్ళ బల్ల దగ్గరకి నడిచి అడగలేదు.

అవును కాదు అని చెప్పే మెంబరు పేరు ప్రశ్నలా ఉండాలి, పని చేసే మెథడు పేరు ఆజ్ఞలా ఉండాలి. ఫ్లాగ్ అనే పేరు ఈ రెండూ కాదు. దేనికి ఎత్తిన జెండానో చెప్పని జెండా అది.

ఆఖరిది నేను ఫోను పరీక్ష అంటాను. మీ క్లాసులోని మెంబర్ల పేర్లని ఫోన్లో ఒక స్నేహితుడికి పైకి చదివి వినిపించండి. వింటున్నవాడు ఏదేమిటో చెప్పగలగాలి. నా క్లాసులో మొదటిది చదివితే అమౌంట్. రెండోది చదివినా, ఎవరు చదివినా, అమౌంట్. ఆ పరీక్ష 2016లో ఆ సాయంత్రం చేసి ఉంటే పది సెకన్లు పట్టేది.

కుర్రాడి సంగతి చెప్పకుండా ముగిస్తే బాగుండదు. నాకు తెలిసిన నలుగురికి అతని రెజ్యూమె పంపాను, అతనూ రాత్రింబవళ్ళు తిరిగాడు. నలభై ఏడో రోజున టెక్సాస్‌లో ఇంకో ప్రాజెక్టు దొరికింది. వెళ్ళేముందు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. చేతులు కడుక్కుంటూ అడిగాడు, "అన్నా, ఆ రెండోది అసలు ఎవరు పెట్టారు?" అని. మేనేజరుకి చెప్పాను గానీ అతనికి అప్పటిదాకా చెప్పలేదు. "నేనే తమ్ముడూ, నేనే పెట్టాను" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోన్లే అన్నా, నిన్నొకసారి అడగాల్సింది నేను" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ ఒప్పుకోలేకపోతున్నాను. అతనికి అడగాలని తట్టే అవకాశమే నా పేరు ఇవ్వలేదు. ఎదురుగా ఒక్క అమౌంటు కనిపిస్తుంటే ఇంకో అమౌంటు ఉందా అని ఎవరడుగుతారు?

అతను ప్రాజెక్టు వదిలిన మర్నాటి వారం నేను ఆ క్లాసు తెరిచి రెండు పేర్లూ మార్చాను. ఎడిటర్లో రీనేమ్ నొక్కితే నలభై చిల్లర ఫైళ్ళు మారాయి. టెస్టు డేటాలో బిల్లు 3,200, ఒప్పుకున్నది 800 అని పెట్టాను. మొత్తం పని పూర్తయ్యేసరికి పక్కనున్న కాఫీ ఇంకా వేడిగానే ఉంది. డేటాబేస్‌లో కాలమ్ పేరు మాత్రం మార్చడానికి ఒప్పుకోలేదు. అక్కడ ఆ మూడక్షరాలు నా గుర్తుగా ఇప్పటికీ ఉండే ఉంటాయి.